గడ్డి కోసే మిషను ఎవరి చేతిలో ఉంటుంది?

మీరు లాన్ అంటారు. మా ఊళ్ళో దాన్ని గడ్డి అంటారు. అంతే, వేరే పేరు లేదు. ఎందుకంటే చూసుకోవడానికి గడ్డి పెంచేవాళ్ళు మా ఊళ్ళో లేరు. గడ్డి ఉండేది ఎనుములు మేయడానికి. మేం రాయలసీమ వాళ్ళం కాబట్టి ఎనుము అంటాం. మీ తాతగారిది గోదావరి జిల్లా అయితే గేదె అంటారు, తెలంగాణ అయితే బర్రె అంటారు. పేరు ఏదైనా అది తినేది గడ్డే. మా అవ్వ కొడవలి తీసుకుని పొలం గట్టుకు పోయేది. పిడికెడు పిడికెడుగా గడ్డి కోసి, మోపు కట్టి, నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చేది. ఒక్క పోచ కూడా పారేసేది కాదు.

ఇప్పుడు నేను కువైట్‌లో ఉంటున్నాను. ఇక్కడ మా ఇంటి ముందు గడ్డి ఉంది. దానికి రోజూ నీళ్ళు పెడతాం. అది పెరుగుతుంది. పెరగగానే కోస్తాం. కోసిన గడ్డిని నల్ల సంచిలో నింపి పారేస్తాం. మా అవ్వ చూసి ఉంటే ఏమనేదో మీరే ఊహించండి!

మేం ఉండే ఊరు అహ్మది. కువైట్ నగరానికి దక్షిణాన ఉంటుంది. ఎడారి మధ్యలో పచ్చని చెట్లు, వరుసగా ఇళ్ళు, ప్రతి ఇంటి ముందూ చిన్న తోట. దీని వెనక ఒక కథ ఉంది. 1938లో బుర్గాన్ అనే చోట నేల కింద చమురు దొరికింది. 1946లో కువైట్ చమురుతో మొదటి ఓడ బయలుదేరింది. ఆ పనికి వచ్చినవాళ్ళు ఉండడానికి కువైట్ ఆయిల్ కంపెనీ ఈ ఊరు కట్టించింది. అప్పటి పాలకుడు షేక్ అహ్మద్ అల్-జాబర్ పేరే ఊరికి పెట్టారు. ఊరి ప్లాను గీసింది బ్రిటిష్ వాళ్ళు. వాన బాగా పడే దేశం నుంచి వచ్చారు కదా, ఇంటి ముందు పచ్చిక లేకపోతే వాళ్ళకి తోచలేదేమో. అలా ఇసుక మీద గడ్డి మొలిచింది.

ఆ గడ్డి మీకు కొత్తదేం కాదు. గల్ఫ్ దేశాల్లో పచ్చికలకి ఎక్కువగా వాడే రకాల్లో ఒకటి బెర్ముడా గడ్డి. దాని తెలుగు పేరు గరిక. అవును, వినాయక చవితి రోజు మీ ఇంట్లో పూజకి వెతుక్కునే గరికే! ఇరవై ఒక్క రకాల పత్రిలో దూర్వాయుగ్మం అని చదువుతారే, అదే ఇది. మొండి గడ్డి. ఎండకి భయపడదు. నీళ్ళు అందితే చాలు, ఎండ ఎక్కువయ్యే కొద్దీ ఇంకా బాగా పెరుగుతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరం వస్తుంది.

పోయిన మార్చిలో మా పాత గడ్డి మిషను ఆగిపోయింది. ఎంత బాగు చేయించినా మళ్ళీ నడవలేదు. కొత్తది కొనాలి. ఏది కొనాలి? మా ఇంట్లో ముగ్గురం, ముగ్గురివీ మూడు మాటలు.

మా అబ్బాయికి పన్నెండేళ్ళు. ఇక్కడే పుట్టాడు. అమెరికాలో ఉన్న వాళ్ళ పెద్దమ్మ కూతురికి ఫోన్ చేసి అడిగాడు. ఆ అమ్మాయి, "మాది గ్యాస్ మోవర్" అంది. వాడు వచ్చి నన్ను అడిగాడు: "అమ్మా, వంటింట్లో సిలిండర్ తీసి మోవర్‌కి పెడతారా?"

నవ్వకండి. వాడు అడిగిందాంట్లో తప్పేం లేదు. అమెరికాలో గ్యాస్ అంటే పెట్రోలు. మనకి గ్యాస్ అంటే వంట గ్యాస్. ఒకే మాట, రెండు దేశాలు, రెండు అర్థాలు. ఈ వ్యాసంలో నేను పెట్రోలు మిషను అనే రాస్తాను. ఎక్కడి పిల్లలు చదివినా గొడవ ఉండదు.

మా అబ్బాయి మాట: "బ్యాటరీదే కొందాం. పొగ రాదు."

వాళ్ళ నాన్న మాట: "నూనె ఊళ్ళో ఉంటూ పెట్రోలుకి భయమా? దాని బలం వేరు. గడ్డి ఎంత ఒత్తుగా ఉన్నా కోసేస్తుంది."

నేను ముందు లెక్క చూద్దామన్నాను. మీరూ నాతో పాటు లెక్క వేయండి.

మా గడ్డి సుమారు పది మీటర్ల వెడల్పు, పన్నెండు మీటర్ల పొడవు. అంటే 120 చదరపు మీటర్లు. పెట్రోలు మిషనుతో ఒకసారి కోయడానికి అర లీటరు కూడా పట్టదు. 2016 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోలు లీటరు 85 ఫిల్సు. వెయ్యి ఫిల్సు అయితే ఒక దీనారు. కాబట్టి ఒక కోతకి ఖర్చు 43 ఫిల్సు లోపే.

ఇక బ్యాటరీ. మేం చూసిన బ్యాటరీ మీద 36 వోల్టులు, 5 ఆంపియర్-అవర్లు అని రాసి ఉంది. రెండూ గుణించండి: 180 వాట్-అవర్లు. వెయ్యి వాట్-అవర్లు కలిస్తే ఒక యూనిట్ కరెంటు. అంటే ఒక యూనిట్‌తో ఈ బ్యాటరీని ఐదుసార్లు నింపవచ్చు. కువైట్‌లో సొంత ఇళ్ళకి యూనిట్ ధర 2 ఫిల్సు. అద్దె అపార్ట్‌మెంట్లకి 5 ఫిల్సు. ఏ ధర చూసుకున్నా ఒక కోతకి ఒక్క ఫిల్సో, రెండు ఫిల్సులో. అంతే!

బ్యాటరీ గెలిచిందనుకుంటున్నారా? ఆగండి. 43 ఫిల్సులు కూడా పెద్ద డబ్బేం కాదు. వేరే దేశాల్లో జనం ఈ లెక్క చూసే నిర్ణయం తీసుకుంటారు. కువైట్‌లో రెండూ చవకే. కాబట్టి డబ్బు మనకి దారి చూపించదు.

మరి పొగ సంగతి? మా అబ్బాయి చెప్పింది సగం నిజం. బ్యాటరీ మిషను మన తోటలో పొగ వదలదు. కానీ కువైట్‌లో కరెంటు ఎక్కువగా నూనె, గ్యాస్ మండించే తయారు చేస్తారు. పొగ మన కళ్ళ ముందు కాకుండా దూరంగా, కరెంటు తయారయ్యే చోట వస్తుంది. అయినా ఒక తేడా ఉంది. పెట్రోలు మిషను వెనక నడిచే మనిషి ఆ పొగనే పీలుస్తాడు. అందులో కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఉంటుంది. అందుకే తలుపులు మూసిన గ్యారేజీలో పెట్రోలు మిషను ఎప్పుడూ నడపకూడదు. ఇది బాగా గుర్తుపెట్టుకోండి.

ఇంకో రకం కూడా ఉంది. తీగతో నడిచే ఎలక్ట్రిక్ మిషను. దానికి చార్జింగ్ అక్కర్లేదు, బరువు తక్కువ. కానీ తీగ ఎప్పుడూ కాళ్ళకి అడ్డం పడుతుంది. కింద బ్లేడు తిరుగుతోంది, నేల తడిగా ఉంది, తీగలో 240 వోల్టుల కరెంటు ఉంది. ఈ మూడూ ఒకచోట చేరడం నాకు నచ్చలేదు. దాన్ని పక్కన పెట్టేశాం.

ఇప్పుడు ఎండ సంగతి. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీల ఎండ కాసింది. భూమి మీద సరిగ్గా కొలిచిన అతి పెద్ద ఎండల్లో అదొకటి. అంత కాకపోయినా, జూలైలో మా ఊళ్ళో 48, 49 డిగ్రీలు మామూలే. అలాంటి వేడిలో బ్యాటరీని చార్జ్ చేయకూడదు. చాలా చార్జర్లు వేడి ఎక్కువైతే వాటంతట అవే ఆగిపోతాయి. బయట రేకుల షెడ్డులో పెట్టి ఉంచితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. పోనీ, పెట్రోలు? అదే రేకుల షెడ్డులో పెట్రోలు డబ్బా పెట్టడం ఇంకా ప్రమాదం. ఆ వేడికి పెట్రోలు ఆవిరవుతుంది. చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకుంటుంది.

ఇక దుమ్ము. దుమ్ము తుఫానుని ఇక్కడివాళ్ళు తోజ్ అంటారు. తోజ్ వచ్చిన మర్నాడు ఇంట్లో చెంచాల మీద కూడా ఇసుక ఉంటుంది. పెట్రోలు ఇంజను గాలి పీల్చుకుంటుంది కదా, గాలితో పాటు దుమ్ము లోపలికి పోకుండా దానికి ఒక ఫిల్టరు ఉంటుంది. దాన్ని మాటిమాటికీ తీసి శుభ్రం చేయాలి. ఇంజను ఆయిల్ మార్చాలి. స్పార్క్ ప్లగ్ చూసుకోవాలి. బ్యాటరీ మిషనుకి ఈ పనులు లేవు. బ్లేడుకి పదును పెట్టడం మాత్రం రెండింటికీ తప్పదు.

ఇంత మాట్లాడుకున్నాం కదా, రెండు రోజులు వాదించుకున్నాం కదా, అప్పుడు నాకొక మాట తోచింది. మా ఇంట్లో ముగ్గురిలో ఆ మిషను నడిపేది ఎవరు? ఎవరూ కాదు!

మా గడ్డి కోసేది అన్న. అన్నది రాజంపేట వైపు. మా వీధిలో ఐదు ఇళ్ళ తోటలు చూస్తాడు. ఎవరింటి మిషను వాళ్ళదే, నడిపేది మాత్రం అన్నే. కువైట్‌లో తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. కడప, రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు వాళ్ళూ, గోదావరి జిల్లాల వాళ్ళూ ఎక్కువ. ఇళ్ళలో పనిచేసే అక్కలు, కార్లు నడిపే అన్నలు, తోటలు చూసేవాళ్ళు. మీ నాన్న ఆఫీసులో పనిచేస్తూ ఉండవచ్చు. మీ ఊరివాళ్ళే ఇంకొకరు పక్క వీధిలో ఎండలో పనిచేస్తూ ఉండవచ్చు. ఇద్దరూ ఒకే విమానంలో వచ్చినవాళ్ళే.

మా అన్న నాకంటే పదేళ్ళు పెద్ద. అయినా నన్ను "అక్కా" అంటాడు. నేను ఆయన్ని "అన్నా" అంటాను. ఇద్దరిలో ఎవరు పెద్ద అని తికమక పడకండి. తెలుగులో ఇలా పిలుచుకోవడం మర్యాద. నేను అక్కనైతే నా కొడుక్కి ఆయన ఏమవుతాడు? మామ. అందుకే మా అబ్బాయి ఆయన్ని "మామా" అంటాడు.

సాయంత్రం అన్న వచ్చినప్పుడు అడిగాను. "అన్నా, కొత్త మిషను కొంటున్నాం. పెట్రోలుదా, బ్యాటరీదా? నీకేది బాగుంటుంది?"

అన్నకి వినపడలేదు. ఇంకాస్త గట్టిగా అడిగాను.

"నన్నడుగుతాండావా అక్కా?" అని ఆశ్చర్యపోయాడు. "ఇన్నేళ్ళలో ఎవురూ అడగలే."

తర్వాత మెల్లగా చెప్పాడు. పెట్రోలు మిషను మొదలుపెట్టాలంటే తాడు గట్టిగా లాగాలి. ఒక్కోసారి పది సార్లు లాగినా మొదలవదు. కుడి భుజం నొప్పి. చేతులు రాత్రి దాకా జిమ్ముమంటాయి. "దాని సప్పుడుకే అక్కా నా చెవులు పోయింది. రాత్రి రూముకు పోయి పాపకు ఫోన్ చేస్తానా, ఆ బిడ్డ ఏం చెప్పినా మళ్ళీ చెప్పమ్మా, మళ్ళీ చెప్పమ్మా అంటాను. నాలుగు సార్లు చెప్పి, ఏం లేదులే నాయనా అని పెట్టేస్తాది."

ఇక్కడ నాయనా అంటే నాన్నా అని. ఆ పాపకి మీ వయసే ఉంటుంది.

చప్పుడుని డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ చప్పుడులో రోజుకి ఎనిమిది గంటలు పనిచేయవచ్చు, అంతకు మించితే చెవికి దెబ్బ అని నిపుణులు చెబుతారు. చప్పుడు మూడు డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి తగ్గిపోతుంది. 88 అయితే నాలుగు గంటలు. 91 అయితే రెండు గంటలు. పెట్రోలు మిషను నడిపే మనిషి చెవి దగ్గర చప్పుడు 90 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. ఐదు ఇళ్ళకి, ఇంటికి అరగంట చొప్పున ఎంత? రెండున్నర గంటలు. ఇలా ఏళ్ళ తరబడి. చెవి లోపల శబ్దాన్ని పట్టుకునే సన్నని కణాలు ఒకసారి చనిపోతే మళ్ళీ పుట్టవు.

నేను వెంటనే "అయితే బ్యాటరీదే" అన్నాను. అన్న తల అడ్డంగా ఊపాడు.

"అదొద్దక్కా. అది సులువుగా ఉంటాది. మీ పిల్లోడే కోసేస్తాడు. ఇంక నేనెందుకు?"

చూశారా? నేను చెవుల గురించి ఆలోచిస్తున్నాను. ఆయన పని గురించి ఆలోచిస్తున్నాడు. ఊళ్ళో ఇంటి అప్పు ఉంది, పాప చదువు ఉంది. ఒక్క ఇల్లు పోయినా నెల లెక్క తప్పుతుంది. మనం మంచిదనుకుని చేసే పని ఎదుటివాళ్ళకి ఎలా కనపడుతుందో, వాళ్ళని అడగకపోతే మనకి తెలియదు.

మా ఆయన బయటికి వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. "గడ్డి ఒక్కటే కాదు కదన్నా. ఖర్జూరం చెట్టుంది, కంచె మొక్కలున్నాయి, నీళ్ళ పైపులున్నాయి. నువ్వు లేకపోతే ఇవి మాకు చేతనవుతాయా? జీతం అంతే ఉంటుంది. పని కాస్త తగ్గుతుంది, అంతే" అన్నాడు. అన్న చాలాసేపు ఏమీ అనలేదు. ఆఖరికి, "అయితే రెండు బ్యాటరీలు తెప్పీ సారూ. మధ్యలో ఒకటి అయిపోతే ఎండలో నిలబడుకోలేను" అన్నాడు.

ఈ మాట మా ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. నడిపేవాడికి తట్టింది.

రెండు బ్యాటరీలతో ఒక మిషను కొన్నాం. చార్జర్ ఇంట్లో, ఏసీ గదిలో పెట్టాం. రాత్రి పూట చార్జ్ చేస్తాం, ఎందుకంటే వేసవి మధ్యాహ్నాలు దేశమంతా ఏసీలు నడిచి కరెంటు చాలదు. 2024 జూన్‌లో కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీసేయాల్సి వచ్చింది కూడా.

అన్నీ బాగున్నాయని చెప్పను. బ్యాటరీ అరగంట కూడా రాదు. గడ్డి పెరిగిపోతే ఈ మిషను మూలుగుతుంది. అందుకే వారానికి ఒకసారి తప్పకుండా కోయాలి, ఒక్కసారికి పోచలో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదు. గరిక గురించి చెప్పింది గుర్తుందా? ఎండ ముదిరే కొద్దీ అది ఇంకా పెరుగుతుంది. అంటే మనిషి బయట నిలబడలేని నెలల్లోనే గడ్డి కోత ఎక్కువ. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా, పగలు 11 నుంచి 4 వరకూ ఎండలో పని చేయించకూడదని నిబంధన ఉంది. కానీ 11 లోపు కూడా ఎండే. ఇప్పుడు అన్న మా ఇంటికి తెల్లవారి ఐదింటికి వస్తాడు. పెట్రోలు మిషనుతో ఆ వేళలో కోస్తే వీధంతా లేచి తిడుతుంది. దీని చప్పుడు తక్కువ కాబట్టి ఎవరూ లేవరు. చల్లటి పూట పని అయిపోతుంది.

మిగతా నాలుగు ఇళ్ళలో ఇంకా పెట్రోలు మిషన్లే. అందుకని ఇయర్ మఫ్‌లు కొనిచ్చాం. చెమట పోస్తుందని మొదట్లో పెట్టుకునేవాడు కాదు. మా అబ్బాయి రోజూ గుర్తు చేస్తాడు: "మామా, చెవులు!" ఇప్పుడు పెట్టుకుంటున్నాడు. పోయిన వినికిడి తిరిగి రాదు. ఉన్నది మిగలాలి.

పిల్లలూ, మీ ఇంట్లో గడ్డి ఉండకపోవచ్చు. కువైట్‌లో మనవాళ్ళు చాలామంది సాల్మియాలోనో, అబ్బాసియాలోనో, మహబూలాలోనో అపార్ట్‌మెంట్లలో ఉంటారు. కానీ మీ ఇంట్లో మిక్సీ ఉంటుంది. వాక్యూమ్ క్లీనర్ ఉంటుంది. ఇస్త్రీ పెట్టె ఉంటుంది. వాటిలో ఒకటి పాడైతే మీరు ఫోన్ తీసి స్టార్లు చూస్తారు, ధర చూస్తారు, రంగు చూస్తారు. చూడండి, అవీ అవసరమే. వాటికంటే ముందు ఇంకొక ప్రశ్న అడగండి: దీని పిడి ఎవరి చేతిలో ఉంటుంది? తెలిసిన తర్వాత ఆ మనిషి దగ్గరికి వెళ్ళి, తెలుగులో అడగండి: "నీకేది బాగుంటుంది?"

ఇది చిన్న వాక్యమే. రెండే మాటలు. తెలుగు నేర్చుకుంటున్న మీరు ఈపాటికే చక్కగా అనగలరు.

మాటల మూట

ఎనుము: గేదె, బర్రె. రాయలసీమ మాట.
కొడవలి: గడ్డి, వరి కోసే వంకర కత్తి.
మోపు: నెత్తిన పెట్టుకునేలా కట్టిన గడ్డి కట్ట లేదా కట్టెల కట్ట.
పోచ: ఒక్క గడ్డి ఆకు.
పిడి: పనిముట్టుని చేత్తో పట్టుకునే చోటు.
వినికిడి: వినగలిగే శక్తి.
తట్టడం: ఆలోచన రావడం. "నాకు ఆ మాట తట్టలేదు."

మీ వంతు

1. అన్న బ్యాటరీ మిషను ముందు వద్దన్నాడు. ఎందుకు? మీ మాటల్లో చెప్పండి.
2. చప్పుడు 94 డెసిబెల్స్ అయితే ఎంతసేపు పనిచేయవచ్చు? లెక్క వేయండి.
3. "అడగలే", "ఉంటాది", "ఎవురూ" అనేవి రాయలసీమ మాటలు. మీ ఇంట్లో వీటిని ఎలా అంటారు? అమ్మమ్మనో, నానమ్మనో, తాతయ్యనో అడిగి రాయండి.
4. మీ ఇంట్లో ఒక వస్తువుని ఎంచుకోండి. దాన్ని ఎక్కువగా వాడేవాళ్ళని అడగండి: అందులో ఏం బాగుంది, ఏం కష్టంగా ఉంది? వాళ్ళు చెప్పింది ఐదు వాక్యాల్లో రాయండి.